జాబితాలో భూపాలపల్లి ఎక్కడ?



భూపాలపల్లి రైతు ఒకరు ఏదో పని మీద ప్రభుత్వ సైటు తెరిచారు. ముందు జిల్లా పేరు ఎంచుకోవాలి. జాబితా ఇంగ్లీషు అక్షర క్రమంలో ఉంది. 'బి' దగ్గర వెతికితే భద్రాద్రి కొత్తగూడెం ఉంది, భూపాలపల్లి లేదు. పైకీ కిందికీ నాలుగుసార్లు జరిపాక ఎవరో చెబితే తెలుస్తుంది. జిల్లా అధికారిక పేరు జయశంకర్ భూపాలపల్లి గనుక అది 'జె' కింద, జగిత్యాల, జనగామల తర్వాత ఉంటుంది. ఆచార్య జయశంకర్ పేరు జిల్లాకు పెట్టుకోవడం తెలంగాణకు గౌరవం. ఆ గౌరవం అలాగే ఉంచి, జాబితా పైన ఒక చిన్న గడి పెట్టి, పేరులో ఏ ముక్క కొట్టినా జిల్లా కనిపించేలా చేయవచ్చు. తెలిసిన ప్రోగ్రామరుకు అది ఒక పూట పని. ఆ పూట ఎవరూ కేటాయించకపోతే వేలమంది వేల పూటలు వెతుక్కుంటారు.

మహబూబాబాద్ వాళ్ల ఇబ్బంది ఇంకో రకం. జాబితాలో వాళ్ల జిల్లాను ఆనుకునే మహబూబ్‌నగర్ ఉంటుంది. మాటల్లో ఎవరూ పొరపడరు. ఒకటి మానుకోట, రెండోది పాలమూరు. ఒకటి ఖమ్మం దారిలో ఉంది, రెండోది కర్నూలు దారిలో. ఇంగ్లీషు అక్షరాల్లో మాత్రం రెండూ అక్కచెల్లెళ్లలా కనిపిస్తాయి. చిన్న ఫోన్ తెర మీద వేలు ఒక్క గీత జారితే మానుకోట దరఖాస్తు పాలమూరు లెక్కలో పడుతుంది. పంపే ముందు 'మీరు ఎంచుకున్న జిల్లా మహబూబ్‌నగర్, సరేనా?' అని తెలుగులో ఒక్కసారి అడిగితే పొరపాటు అక్కడే ఆగిపోతుంది. అలా అడగని ఫారంలో జరిగిన తప్పు, దరఖాస్తు తిరస్కరించామని మెసేజి వచ్చిన రోజున గానీ బయటపడదు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాలూ ఒకే రోజు ఏర్పడ్డాయి. అది 2016 అక్టోబరు 11. చాలా భాగం పాత వరంగల్ జిల్లాదే. గార్ల, బయ్యారం మాత్రం ఖమ్మం నుంచి మహబూబాబాద్‌లో చేరాయి. మహదేవపూర్, కాటారం కరీంనగర్ నుంచి భూపాలపల్లిలోకి వచ్చాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు విడిపోయి వేరే జిల్లా అయింది. అంటే ఏటూరునాగారంలో ఇల్లు కదలని మనిషి కూడా మూడేళ్లలోపే వరంగల్, భూపాలపల్లి, ములుగు జిల్లాల వాసి అయ్యాడు. అతని కాగితాల్లో ఒకదాని మీద ఒక జిల్లా, మరొకదాని మీద ఇంకో జిల్లా ఉండటం సహజం. అన్నిట్లో ఒకటే ఉండాలని పట్టుబట్టే ఫారం అతని ముందు గోడలా నిలబడుతుంది. 2011 జనాభా లెక్కల నాటి పట్టికతో తయారైన ఫారంలోనైతే ఈ మూడు జిల్లాల పేర్లకు చోటే లేదు, అప్పటికి అవి లేవు గనుక.

పేరు దగ్గరా ఇదే చిక్కు. 'ఫస్ట్ నేమ్', 'లాస్ట్ నేమ్' అని రెండు గడులుంటాయి. తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు వస్తుంది. దాన్ని ఒక గుమస్తా మొదటి గడిలో రాస్తాడు, ఇంకొకరు చివరి గడిలో రాస్తారు, మూడో చోట అది ఒక్క అక్షరంగా మిగులుతుంది. మహబూబాబాద్ తండాల్లో బానోతు, భూక్యా, గుగులోతు, ధరావతు వంటి ఇంటిపేర్లు ఎక్కువ. వీటిని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్ని రకాలుగానూ రాశారు. ఆధార్‌లో ఒక 'హెచ్' ఉండి పాస్‌పుస్తకంలో అది లేకపోతే, కంప్యూటరు లెక్కలో ఆ రెండు పేర్లూ ఇద్దరు వేరు మనుషులవి. 2019లో మొదలైన పీఎం కిసాన్ పథకం కింద ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతల్లో రావాలి. ఇలాంటి ఒక్క అక్షరం తేడా ఆ విడతను ఆపగలదు. ఊళ్లో అందరూ గుర్తుపట్టే మనిషి తాను తానేనని రుజువు చేసుకోవడానికి మండల కేంద్రం చుట్టూ తిరగాల్సి వస్తుంది.

తర్వాత క్యాప్చా. వంకరటింకర ఇంగ్లీషు అక్షరాలు చూపించి, మీరు మనిషేనా అని అడిగే పరీక్ష అది. సున్నా ఏదో 'ఓ' అక్షరం ఏదో, ఒకటి ఏదో 'ఎల్' ఏదో చదువుకున్నవాళ్లే తేల్చలేరు. 2011 లెక్కల్లో తెలంగాణ అక్షరాస్యత సుమారు 66.5 శాతం, అదీ ఎక్కువగా తెలుగు అక్షరాస్యత. ఈ మూడు జిల్లాలూ ఆ సగటుకు దిగువనే ఉన్నాయి. ఇంగ్లీషు రాని రైతుకు ఈ పరీక్ష పాసయ్యే దారి లేదు. 2023లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్వైన్ శాఖ పరిశోధకులు వెయ్యిమందికి పైగా జనంతో ఈ పరీక్షలు రాయించి చూశారు. మనుషుల కంటే కంప్యూటరు ప్రోగ్రాములే వీటిని వేగంగా, తక్కువ తప్పులతో దాటుతున్నాయని తేలింది. ఆపాలనుకున్న యంత్రం లోపలికి పోతోంది, రావలసిన మనిషి గడప దగ్గరే ఆగిపోతున్నాడు.

వీటిని చిన్న విషయాలని తీసిపారేయడం తేలిక. సినిమా టికెట్ల సైటు నచ్చకపోతే వదిలేసి కౌంటరు దగ్గర నిలబడవచ్చు. పత్తి అమ్ముకునే యాప్‌ను వదిలేసే వీలు రైతుకు లేదు.

2025లో భారత పత్తి సంస్థ, అంటే సీసీఐ, 'కపాస్ కిసాన్' అనే యాప్ తెచ్చింది. సెప్టెంబరు 1 నుంచి రిజిస్ట్రేషన్లు మొదలయ్యాయి. మద్దతు ధరకు పత్తి అమ్మాలంటే అందులో పేరు నమోదు చేసుకోవాలి, తర్వాత స్లాట్ బుక్ చేసుకోవాలి. ఆ సీజనుకు పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఉద్దేశం మంచిదే. రైతు పేరుతో దళారి అమ్ముకోకూడదు, జిన్నింగు మిల్లుల ముందు బండ్లు రోజుల తరబడి బారులు తీరకూడదు. ఆ మంచి రైతుదాకా రావాలంటే మాత్రం తెర దాటి రావాలి. నమోదై ఉన్న నంబరుకే ఓటీపీ వస్తుంది. ఆ సిమ్ ఎన్నడో పోయి ఉంటుంది, లేదా పట్నంలో కొడుకు ఫోన్‌లో ఉంటుంది. కొడుకు డ్యూటీలో ఉంటే ఓటీపీ చెప్పేలోపు గడువు దాటుతుంది. కౌలు రైతుదైతే పంట తనది, కాగితం ఆసామిది. ఈ చిక్కులేవీ రైతు తెలివితక్కువతనం వల్ల వచ్చినవి కావు. పల్లెటూళ్లో ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో, భూమి ఎవరి పేర ఉంటుందో తెలిసినవాళ్లు ముందే ఊహించగలిగినవి.

ఆ ఏడాది అక్టోబరు చివర మొంథా తుఫాను వచ్చింది. డోర్నకల్ రైల్వే స్టేషన్‌లో పట్టాల మీద నీళ్లు నిలిచాయి. ఓరుగల్లు ప్రాంతమంతా చేలు తడిశాయి. పత్తిలో తేమ 8 శాతం దాటితే ధరలో కోత, 12 శాతం దాటితే సీసీఐ కొనదు. అలాంటి వారంలో స్లాట్ తీసుకున్న రైతుకు తెర మీద అన్నిటికంటే ముందు కావలసింది వాయిదా వేసుకునే మీట. అది పెద్ద అక్షరాల్లో, తెలుగులో, మొదటి పేజీలో ఉండాలి. నొక్కగానే కొత్త తేదీ రావాలి. వానాకాలపు పంట కోసం యాప్ తయారుచేసేవాళ్లు వానను లెక్కలో వేసుకోవాలి. ఇది పత్తి చేలో నిలబడి ఆలోచించిన మనిషికి తట్టే సంగతి, గదిలో కూర్చున్నవాళ్లకు తట్టడం కష్టం.

భూమి దగ్గరికి వస్తే ఈ బాధ ఇంకా లోతుకు పోతుంది. 2020 అక్టోబరు 29న మూడుచింతలపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ధరణి పోర్టల్‌ను ప్రారంభించారు. తహసీల్దారు కార్యాలయంలోనే రిజిస్ట్రేషను, మ్యుటేషను ఒకే పూటలో అయ్యే ఏర్పాటు అది. రికార్డు సరిగా ఉన్నవాళ్లకు నిజంగానే పని తేలికైంది, ఆ మాట ఒప్పుకోవాలి. రికార్డులో తప్పున్నవాళ్ల సంగతి వేరే. పేరు మారినా, సర్వే నంబరు ఎగిరిపోయినా, విస్తీర్ణం గుంటల్లో తగ్గినా దిద్దే దారి మళ్లీ పోర్టల్‌లోనే వెతుక్కోవాలి. అందులో మాడ్యూళ్లు ఒకటి తర్వాత ఒకటి చేరి 33 దాకా పెరిగాయి. పాస్‌పుస్తకంలో తప్పులు దిద్దడానికి టీఎం 33 అని ఒకటి, నిషేధిత జాబితా నుంచి తీయించడానికి ఒకటి, ఎందులోనూ ఇమడని భూమి గొడవకు జీఎల్‌ఎం అని ఇంకొకటి. 'టీఎం 33 పెట్టినవా?' అన్న మాట జనగామ హోటళ్ల దగ్గర, తొర్రూరు బస్టాండులో మామూలు పలకరింపు అయింది. తన సమస్య ఏ మాడ్యూలు కిందికి వస్తుందో తేల్చుకునే బరువు రైతు మీద పడింది. తప్పు మాడ్యూలు ఎంచుకుంటే దరఖాస్తు తిరస్కరణ, మళ్లీ ఖర్చు, మళ్లీ మొదటికి.

జబ్బు పేరు చెప్పాల్సింది వైద్యుడు. రోగి నొప్పి ఎక్కడో చెబితే చాలు. 'నా భూమి రెండెకరాలు, పుస్తకంలో ఎకరం ముప్పై గుంటలే పడింది' అని రైతు చెప్పగలడు. ఆ మాటను సరైన అధికారి దగ్గరికి చేర్చడం వ్యవస్థ పని.

ఇది జనగామ నేల మీద చెప్పుకోవలసిన మాట కూడా. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య ప్రాణం పోయింది భూమి పోరాటంలోనే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన సాగు భూమిని, చేతికొచ్చిన పంటను విసునూరు దేశ్‌ముఖ్‌కు దక్కనివ్వలేదు. ఈ ఊళ్లలో పాస్‌పుస్తకంలోని ఒక గుంట వెనుక మూడు తరాల జ్ఞాపకం ఉంటుంది. ఆ గుంట తెర మీద కనిపించకపోతే 'టెక్నికల్ ప్రాబ్లం' అని పంపేయడం అన్యాయం.

ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. మొదట ప్రయోగించిన నాలుగు మండలాల్లో ఒకటి భూపాలపల్లికి పొరుగునే ఉన్న ములుగు జిల్లా వెంకటాపూర్. మాడ్యూళ్లను 33 నుంచి 6కు తగ్గించారు. మంచి మార్పు. దానికంటే ఎక్కువ చెప్పిన సంగతి ఇంకొకటి ఆ జూన్‌లో జరిగింది. రెవెన్యూ సదస్సులు పెట్టి, అధికారులే ఊళ్లోకి వచ్చి, కాగితం మీద దరఖాస్తు రాసి ఇమ్మన్నారు. రాష్ట్రమంతటా లక్షల దరఖాస్తులు వచ్చిపడ్డాయి. అంతకుముందు దాదాపు అయిదేళ్లు పోర్టల్ తెరిచే ఉంది. అయినా అన్ని లక్షల సమస్యలు తీరకుండా ఎలా మిగిలాయో పోర్టల్ కట్టినవాళ్లు కూర్చుని ఆలోచించాలి.

తెరకూ జనానికీ మధ్య ఇప్పుడు నెట్ సెంటర్ ఉంది. 2011లో మీ సేవ మొదలైనప్పుడు గుమస్తాల చేతులు తడపకుండా పని జరగాలన్నది ఆశ. చాలావరకు జరిగింది కూడా. ఇప్పుడు పౌరుడు ఇంట్లో కూర్చుని సొంతంగా చేసుకోవలసిన పనులు సైతం నెట్ సెంటర్ కుర్రాడి చేతుల మీదుగానే నడుస్తున్నాయి. అతను నిజాయతీగా కష్టపడి బతుకుతున్నాడు, అతన్ని అనవలసిన పని లేదు. 'సర్వర్ బిజీ ఉన్నది, రేపు రా అన్నా' అని చెప్పాల్సి వచ్చినందుకు అతనికీ కష్టమే. అయితే ఒక ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని బ్యాంకు హెచ్చరిస్తుంది. ఓటీపీ గట్టిగా చదివి వినిపించనిదే నెట్ సెంటర్‌లో పని కాదు. పాస్‌వర్డు ఎవరిదైనా రాసిపెట్టుకునేది ఆ కౌంటరు మీది నోటుబుక్కులోనే. రేపు సైబర్ దొంగ ఫోన్ చేసి ఓటీపీ అడిగితే, అడగ్గానే చెప్పే అలవాటు అప్పటికే పడి ఉంటుంది. వాడటం చేతకాని సైటు ఈ విధంగా జనానికి ప్రమాదకరమైన అలవాటు నేర్పుతోంది.

కొనుగోళ్ల యాప్‌లు కావాలనే కొన్ని చిక్కులు పెడతాయి. చందా కట్టడం తేలిక, మానుకోవడం కష్టం. బుట్టలోకి అడగని వస్తువు చేరుతుంది. 'రెండే మిగిలాయి' అని తొందర పెడతాయి. వీటికి 'డార్క్ ప్యాటర్న్స్' అని 2010లో హ్యారీ బ్రిగ్నల్ అనే బ్రిటిష్ డిజైనరు పేరు పెట్టాడు. 2023 నవంబరు 30న మన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇలాంటివి 13 రకాలు గుర్తించి నిషేధించింది. ప్రభుత్వ సైట్లలో మోసం లేదు. ఉన్నది అలక్ష్యం.

నియమాలు లేక ఇలా జరగడం లేదు. భారత ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎలా ఉండాలో చెప్పే మార్గదర్శకాలు 2009లోనే వచ్చాయి, 2023లో వాటి మూడో కూర్పు వచ్చింది. చూపు లేనివారు కూడా వాడుకోగలగాలని, అక్షరాలు స్పష్టంగా కనిపించాలని అందులో ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. కళ్లు ఆర్పి చూపమనే కేవైసీ పద్ధతి వల్ల యాసిడ్ దాడి బాధితులు, అంధులు ఖాతాలు తెరవలేకపోతున్నారన్న కేసులో, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. ఆ తీర్పు వెలుగులో చూస్తే, తెర దాటలేక మానుకోట రైతుకు ఆగిపోయిన విడత కూడా హక్కుల ప్రశ్నే.

భాష దగ్గర ఇంకొంచెం ఆగాలి. ప్రభుత్వ సైట్లలో 'తెలుగు' అని ఒక మీట ఉండటం ఇప్పుడు మామూలే. నొక్కితే పైన శీర్షికలు తెలుగులోకి మారతాయి. లోపలి ఫారం, తప్పు జరిగినప్పుడు వచ్చే ఎర్ర అక్షరాల మెసేజి ఇంగ్లీషులో ఉండిపోతే ఆ మీట ఉండీ ప్రయోజనం తక్కువ. తెలుగు అత్యవసరంగా కావలసింది ఆ మెసేజి దగ్గరే. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు కొలిచి పెట్టిన గడిలో తెలుగు వేస్తే కింది ఒత్తులు తెగిపోతాయి, పైన గుడులు అదృశ్యమవుతాయి. జీవోలను ఫోటో తీసి పీడీఎఫ్‌గా పెడితే అందులో మాట వెతకడం కుదరదు, అంధుల కోసం చదివి వినిపించే సాఫ్టువేరుకూ అది వట్టి బొమ్మే. పాలకుర్తి సోమనాథుడు 13వ శతాబ్దంలో సామాన్యుడికి అర్థమయ్యే జానుతెనుగులో రాయాలని కోరుకున్నాడు. ఆయన ఊరు ఇవాళ జనగామ జిల్లాలోనే ఉంది. ఆ ఊరి రైతుకు తన భూమి గురించిన ఒక్క మెసేజి తెలుగులో పంపడం ప్రభుత్వానికి అసాధ్యమేమీ కాదు.

బాగా చేసినవాళ్లు ఉన్నారు. బ్రిటన్ 2012లో తన ప్రభుత్వ శాఖల సైట్లను ఒక్కచోటికి తెచ్చే పని మొదలుపెట్టింది. బొమ్మలు లేవు, కదిలే పటాలు లేవు, పేజీకి ఒక్క ప్రశ్న. పుట్టిన తేదీ అడగాలంటే క్యాలెండరు తెరిచి అరవై ఏళ్లు వెనక్కి జరపమనరు. రోజు, నెల, సంవత్సరం కొట్టడానికి మూడు గడులు ఇస్తారు. ఏ హంగులూ లేని ఆ సైటుకు లండన్ డిజైన్ మ్యూజియం 2013లో ఆ ఏటి ఉత్తమ డిజైన్ పురస్కారం ఇచ్చింది. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. అదే ఏడాది నవంబరులో తెలంగాణ మీ సేవ కూడా వాట్సాప్‌లోకి వచ్చింది. జనానికి అప్పటికే చేతిలో ఆడే చోటికి సేవను తీసుకెళ్లడం సరైన ఆలోచన. మహదేవపూర్, పలిమెల అడవి ఊళ్లలో సిగ్నల్ అందడమే కష్టమైనచోట, బరువైన పేజీ కంటే నాలుగు వాక్యాల సందేశం ముందుగా చేరుతుంది.

2025 డిసెంబరులో తెలంగాణలో యూరియా బుకింగ్ యాప్‌ను ముందుగా ప్రయోగించిన కొద్ది జిల్లాల్లో జనగామ ఒకటి. అంతకుముందు వానాకాలంలో ఎరువుల దుకాణాల ముందు చెప్పులు వరసలో పెట్టి తెల్లవారుజాము నుంచి ఎదురుచూసిన రైతులకు, ఏ దుకాణంలో ఎంత నిల్వ ఉందో ఫోన్‌లో కనిపించడం మేలే. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు వ్యవసాయ విస్తరణాధికారి దగ్గరికో పక్కింటి పిల్లాడి దగ్గరికో వెళ్లక తప్పదు. అందుకే ఏ యాప్ వచ్చినా పక్కన మనిషి కూర్చున్న ఒక కౌంటరు, ఎత్తి మాట్లాడే ఒక ఫోన్ నంబరు ఉండి తీరాలి.

జాకబ్ నీల్సన్ అనే డెన్మార్క్ నిపుణుడు సైట్లను జనం తేలిగ్గా వాడుకోగలిగేలా చేయడం మీద దశాబ్దాలుగా పనిచేస్తున్నాడు. ఒక సైటులోని లోపాల్లో అధిక భాగం బయటపడటానికి ఐదుగురు వాడి చూస్తే చాలునని 2000లో రాశాడు. పెద్ద సర్వేలు అక్కర్లేదు. ఐదుగురిని కూర్చోబెట్టి, ఫోన్ చేతికిచ్చి, సాయం చేయకుండా, ఎక్కడ ఆగిపోతున్నారో చూస్తే చాలు.

కాబట్టి రాష్ట్ర ఐటీ శాఖకు, రెవెన్యూ, వ్యవసాయ శాఖలకు, సీసీఐకి ఒక విన్నపం. ఇకమీదట ఏ సైటు, ఏ యాప్ ప్రారంభించే ముందయినా జనగామ మార్కెట్ యార్డులో ఐదుగురు, కేసముద్రం యార్డులో ఐదుగురు, కాటారంలో ఐదుగురు రైతుల చేతికి ఇవ్వండి. వాళ్లలో ఒక కౌలు రైతు, ఒక తండా మహిళ, చూపు తగ్గిన ఒక పెద్దాయన తప్పక ఉండాలి. తయారుచేసిన ఇంజినీరు పక్కనే కూర్చుని చూడాలి. ఆ పదిహేనుమందీ నెట్ సెంటరుకు పోకుండా పని ముగించాకే ప్రారంభోత్సవం తేదీ ఖరారు చేయండి.